బొంతల చాటు గిటారు

నాలుగింటికి వస్తామని చెప్పింది గదా, ఇప్పుడు మూడు కూడా కాలేదు, అయినా నేను చొక్కా వేసుకుని కూర్చున్నా. ఇంట్లో చొక్కా ఎందుకంటే ఏం చెప్పను, ఇల్లు ఖాళీ చెయ్యమంటా ఉంటే బనీనుతో నిలబడి వినడం బాగుండదని కావచ్చు. పొద్దున సబ్‌స్టేషన్‌లో డ్యూటీ దిగి వచ్చి గేటు తీస్తా ఉంటే ఇంటామె నాగరత్నమ్మక్క వాకిట్లో నిలబడి ఉంది. వాకిలి ఊడ్చేది అయిపోయింది, ముగ్గు కూడా ఆరిపోయింది, చేతిలో పరక లేదు, అంటే నా కోసమే నిలబడిందన్న మాట. "బ్రహ్మం, ఈ పొద్దు నాలుగింటికి ఇంట్లోనే ఉండు. మా అన్న అంకయ్య వస్తాడు. పైకొచ్చి ఒక మాట మాట్లాడాల" అనింది. ఏం మాటక్కా అంటే నా మొహం చూడలేదు, నా భుజం మీదుగా మెట్ల వైపు చూసింది. "వచ్చినాక చెప్తా లే" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది, గడియ పడిన చప్పుడు వినపడింది, ఆ మీద ఇంకో గడియ. పొద్దున ఏడింటికి రెండు గడియలా. నీళ్ళ సంగతి అయితే నా పెండ్లాం మల్లితో చెప్పేది. మోటారు సంగతి అయితే నాతో అక్కడే చెప్పేది. అన్నను పిలిపించుకుని చెప్పాల్సిన మాట ఒకటే ఉంటుంది, ఆ మాట నేను ఇప్పటికే రెండు ఇళ్ళలో విన్నా, ఇది మూడోది.

నా గిటారు సంగతి ఎట్ల తెలిసింది ఆమెకు, అది అంతు పట్టడం లేదు. చప్పుడు బయటికి పోలేదు, పోయే దారే లేదు, ఈ ఇంటికి వచ్చిన ఈ మూడు నెలలు నేను చేసిందల్లా ఆ దారులు మూయడమే. ఈ నడిమి గదికి రెండు కిటికీలు, రెండింటికీ లోపల మేకులు కొట్టి మా అమ్మ కుట్టిన బొంతలు కట్టినా. తలుపు కింది సందులో మల్లి పాత చీర మడిచి దూర్చినా. ఆంప్‌ను, అంటే గిటారు చప్పుడు వచ్చే ఆ పెట్టెను, నేల మీద పెడితే స్లాబ్ అదురుతుందని ప్లాస్టిక్ కుర్చీ మీదికి ఎక్కించినా, కుర్చీ నాలుగు కాళ్ళ కింద అరిగిపోయిన హవాయి చెప్పులు కోసి పెట్టినా. కుర్చీ ఎక్కిస్తే ఇంకో లాభం కూడా కనపడింది, స్పీకరు సూటిగా నా చెవికి వచ్చింది, చెవికి ఎదురుగా ఉంటే సగం చప్పుడుతోనే కడుపు నిండుతుంది, అంతకు ముందు అన్నాళ్ళూ అది నా మోకాళ్ళకు పాడుతా ఉండేది. చిన్న పెట్టె, ఐదంటే ఐదు వాట్లు, మా వంటింటి బల్బు అంతకంటే ఎక్కువ తింటుంది. కాని లోపల పాతకాలం రేడియోలో మాదిరి గాజు వాల్వులు. వాటితో వచ్చిన చిక్కు ఏందంటే, గట్టిగా పెడితేనే వాటి గొంతు విచ్చుకుంటుంది, వేడెక్కి, కష్టపడి, ఆ కష్టం లోనుంచి ఒక జీర వస్తుంది, పాకం ముదిరేటప్పుడు వాసన మారినట్టు తీగ గొంతు మారుతుంది. ఆ జీర కోసమే గదా ఇదంతా. తక్కువలో పెడితే అదే పెట్టె దోమ. అద్దె ఇంట్లో ఉండేవాడికి దోమే గతి అనుకుని ఊరుకుంటే సరిపోయేది, ఈ నాగరత్నమ్మక్క ఈ పొద్దు వాకిట్లో నిలబడేదీ కాదు.

ఊరుకోలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించి చూసినా ఒక నెల, తేనె సీసాను బయటినుంచి నాకినట్టు ఉండింది, పాట నా తలకాయ లోపలే మొదలై లోపలే చచ్చిపోతా ఉండె, గదిలో గాలి కదలదు, తీగ లాగితే ఎదురు నుంచి ఏదో వచ్చి రొమ్ముకు తగలాల గదా, తగలదు. ఆ పైన ఆ పెట్టెనే తీసుకుపోయి బీరువాలో పెట్టినా, మల్లి చీరల నడుమ, తలుపు మూసి, సందులో నుంచి వచ్చే చప్పుడు ఎట్లుంటుందో చూద్దామని. బాగానే ఉండింది, రగ్గు కప్పుకుని మాట్లాడే మనిషి గొంతు లాగ. మూడో రోజు మల్లి ఎవరిదో పెండ్లికి పోవాలని పట్టుచీర తీస్తే కాలిన దుమ్ము వాసన. చీరను ముక్కు కాడ పెట్టుకుని నా వైపు చూసింది, ఒక్క మాట అనలేదు, అనకపోవడమే మల్లితో కష్టం, ఏం అనుకుంటా ఉందో ఎవరికి తెలుసు. మళ్ళీ కుర్చీ మీదికే తెచ్చినా. చెవి సంగతి ఒకటి నాకు ఈ ఇంట్లోనే తెలిసింది, చప్పుడు తగ్గించే కొద్దీ చెవికి బరువు గొంతూ వినపడదు, సన్న గొంతూ వినపడదు, నడిమిది మాత్రం రేకు డబ్బా మాదిరి మిగులుతుంది. అందుకని బేస్ కొంచెం పైకి, నడిమిది కొంచెం కిందికి, జీర పెంచే నాబ్ మాత్రం అనుకున్న దానికంటే వెనక్కి, తక్కువ చప్పుడులో జీర ఎక్కువైతే అది జీర కాదు, జలుబు. రోజూ ఒక నాబ్, వెంట్రుక వాసి. రాత్రి డ్యూటీ, పొద్దున తొమ్మిదికి పడుకుంటే రెండింటికి లేస్తా, మూడు నుంచి నాలుగు దాకా ఒక గంట నాది, నాలుగున్నరకు మల్లి దుకాణం నుంచి వస్తుంది. ఒక గంటలో ఒక వెంట్రుక.

కొలిచినా కూడా. ఫోన్‌లో చప్పుడు కొలిచేది ఒకటి ఉంటుంది, ఫ్యాన్ వేస్తే ఎంత చూపిస్తుందో గిటారు వాయిస్తే అంతకంటే తక్కువ చూపించింది. అయినా నమ్మకం చాలక, వాయించి రికార్డు చేసి, దాన్నే ఆంప్‌లో తిప్పి పెట్టి, నేను బయటికి పోయి విన్నా. మెట్ల మీద నిలబడి విన్నా, ఏం లేదు. మిద్దె మీదికి పోయి ట్యాంకు పక్కన కూర్చుని విన్నా, ఏం లేదు. వీధిలోకి పోయి, పలకలు కోసే ఫ్యాక్టరీ ఆగిన టైము చూసుకుని, కిటికీ కింద చెప్పు తెగినట్టు వంగి విన్నా, ఎదురింటి గురవమ్మవ్వ "ఏం పోగొట్టుకున్నావు నాయనా" అని అడిగింది గాని, నాకు ఏం వినపడలేదు. మరి ఎవరు చెప్పినట్టు. గురవమ్మవ్వ చెప్పి ఉంటుందా. వంగడం చూసిన మనిషి ఊరుకుంటుందా. లేకుంటే నరేష్, వాడొక్కడికే తెలుసు నేను ఇంకా వాయిస్తా ఉన్నానని, పోయిన వారం కంభం బస్సు కాడ కనపడి "ఇల్లు యాడ తీసుకున్నావురా" అని రెండుసార్లు అడిగినాడు. ఒకసారి అడిగితే మర్యాద, రెండోసారి ఎందుకు అడిగినట్టు.

నరేష్ ఉన్నాడే, వాడు కీబోర్డు, నేను గిటారు, గిద్దలూరులో మా ఆర్కెస్ట్రా. ఆరేండ్లు. తిరునాళ్ళలో లారీ మీద స్టేజీ, నా వెనక నిలువెత్తు స్పీకర్లు, మొదటి తీగ లాగితే చప్పుడు చెవికి రాదు, పిక్కలకు వస్తుంది, ప్యాంటు గుడ్డ కదులుతుంది. కొమరోలులో ఒకసారి కొట్టం మీద రేకు ఊడి పడింది నా గిటారుకు, అని నరేష్ చెప్పేవాడు, గాలికి పడిందని నాకు తెలుసు, అయినా చెప్పించుకునేవాణ్ణి. అప్పుడు టోన్ గురించి ఆలోచించిందే లేదు, గట్టిగా ఉంటే చాలు బాగుండేది. డీజే బండ్లు వచ్చినాయి, పాడే మనుషులతో పని లేకపోయింది, నరేష్ ఫోన్ల దుకాణం పెట్టినాడు, నేను సబ్‌స్టేషన్‌కు వచ్చినా. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు రాత్రంతా ఒకటే స్వరం పాడతా ఉంటుంది, దాన్ని తీగతో పోల్చి చూసుకున్నా ఒకనాడు, లావు తీగ మూడో మెట్టు, దానికంటే ఉలవగింజంత పైన. నిద్రలో కూడా ఆ ఉలవగింజంత నన్ను పొడుస్తా ఉంటుంది.

కుట్టుమిషను ఆగిపోయింది.

ఇదీ, ఇదే నాకు పట్టుకున్న అనుమానం. నాగరత్నమ్మక్క కింద ముందుగదిలో రవికలు కుడుతుంది, భర్త పోయినాక ఆమెకు అదే బతుకు, ఒక్కతే ఉంటుంది, పొద్దున పది నుంచి మిషను ఆగదు, కరకరకర, నాకు నిద్రలో అది వాన మాదిరి. ఈ పది రోజులుగా మూడు కాగానే ఆగిపోతా ఉంది. మొదటి రోజు దారం తెగిందనుకున్నా. రెండోరోజు కూడా దారం తెగుతుందా. నేను గిటారు ఎత్తుకోగానే కింద మిషను ఆగుతుంది, నేను దించి పెట్టినాక ఐదు నిమిషాలకు మొదలవుతుంది. వింటా ఉంది. చప్పుడు చేయకుండా వింటా ఉంది. వినపడితే వచ్చి చెప్పొచ్చు గదా, "బ్రహ్మం, తల పోటుగా ఉంది, ఆపు" అంటే ఆపుతా, మొదటి ఇంటాయన అట్లే చెప్పినాడు, పిల్లలు చదువుకుంటా ఉంటే ఏంది ఈ గోల అని మెట్ల కాడ నిలబడి అరిచినాడు, ఆ అరుపులో ఒక న్యాయం ఉంది. అరవకుండా పది రోజులు మిషను ఆపుకుని కూర్చునే మనిషిని ఎట్ల నమ్మాల. మా నాయన గొర్రెలు కాసినాడు కొనకనమిట్ల పక్క బీళ్ళలో, పండుకుని కూడా మందను వినేవాడు, గంట మోగితే కళ్ళు తెరిచేవాడు కాదు, గంటలు ఆగితే లేచి కూర్చునేవాడు. "అరిచే మందకు కాపలా అక్కర్లేదురా, అరవని మందకే కావాల" అనేవాడు. ఆ చెవులే నాకు వచ్చినట్టుంది. లేచి కూర్చున్నా పది రోజులుగా.

మల్లికి తెలుసా. తెలుసు. తెలియకుండా ఎట్ల ఉంటుంది. కరివేపాకు అని పోతుంది కిందికి, అరగంట ఉంటుంది, నేను మెట్లు దిగితే ఇద్దరూ మాటలాపుతారు. పోయిన ఆదివారం దిగేసరికి నాగరత్నమ్మక్క "నీకు తెలియకుండా ఏం జరుగుతుందమ్మా పైన" అంటా ఉంది, నన్ను చూసి ముందర ఉన్న గుడ్డను కత్తిరించడం మొదలుపెట్టింది, కొలత కూడా వేయకుండా. మల్లి మొహం ఎర్రగా అయింది. పైకొచ్చినాక ఏంది సంగతి అంటే "ఏం లేదు, రవిక చేతులు పొడుగు పెట్టమన్నా" అనింది. రవిక చేతులకు మొహం ఎర్రబడుతుందా. రెండో ఇల్లు ఖాళీ చేసిన రోజు ఆటోలో సామాను ఎక్కించి, చివరికి గిటారు ఎత్తబోతే నా చెయ్యి పట్టుకుని చెప్పింది, "ఇదే ఆఖరుసారి. ఇంకొక ఇల్లు మారాల్సి వస్తే ఆటోలో అదన్నా ఉంటుంది, నేనన్నా ఉంటా." నవ్వుతా చెప్పలేదు. ఈ ఇల్లు కుదిర్చింది మల్లే, మాట్లాడింది మల్లే, నేను డ్యూటీలో ఉన్నా. గిటారును బొంతలో చుట్టి, తాడు కట్టి, పరుపు మాదిరి పైకి మోసుకొచ్చింది కూడా తనే. అప్పుడు ప్రేమ అనుకున్నా. ఇప్పుడు అనిపిస్తా ఉంది, ఎట్లాగూ నాలుగు రోజుల్లో పోయేదే గదా అని మోసిందేమో. ఇద్దరూ కలిసి ఈ మాట అనుకున్నారేమో, నా నోటితో చెప్తే బాగుండదు, నువ్వు మీ అన్నను పిలిపించక్కా, ఇల్లా గిటారా తేల్చుకోమని అడగక్కా. మూడేండ్ల పెండ్లిలో మల్లి ఒక్కసారి కూడా ఇది బాగుంది, ఇది బాగలేదు అనలేదు. ఆదివారాలు నేను వాయిస్తా ఉంటే వంటింట్లో తన పని తను చేసుకుంటా ఉంటుంది, బాగుందా అంటే "ఊఁ" అంటుంది, పులుసులో ఉప్పు చాలిందా అంటే నేననే "ఊఁ" అదే. వినని మనిషికి అది పోతే ఏం, ఉంటే ఏం.

మూడూ ఇరవై. బొంతలు తీసేద్దామా. వాళ్ళు వచ్చేసరికి గది మామూలుగా ఉండాల, కిటికీలు తెరిచి, ఆంప్ మంచం కిందికి తోసి, నేను పేపరు చదువుతా ఉండాల. తీస్తే మేకులు కనపడతాయి. గోడకు మేకులు కొట్టినావని అదొకటి. ఉంచితే బొంతలేంది అంటారు. ఎండకు అని చెప్పొచ్చు, మార్కాపురం ఎండకు బొంతలు కట్టుకున్నానంటే ఎవరన్నా నమ్ముతారు. మూడు నెలలు పట్టింది ఈ గదికి, ఇంకొక వారం ఇస్తే టోన్ కుదిరేది, ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాల. ఇంకొక ఇంట్లో గది వేరే, గోడలు వేరే, మళ్ళీ మొదటి నాబ్ నుంచి మొదలు. మల్లి లేకుండా.  తీస్తా ఈ బొంతలు, ఇచ్చేస్తా ఈ పెట్టె ఎవరికన్నా, నాలుగింటికి ఆమె నోరు తెరిచే ముందే నేనే చెప్తా, పోయింది అక్కా, ఇంక చప్పుడు ఉండదు అని. లేచి ఒక బొంత మేకు మీద చెయ్యి కూడా వేసినా. వేసి, ఆఖరుసారి గదా, ఒక్కసారి వాయించుకుంటే ఏం పోతుంది అనిపించింది, దొంగకు కూడా ఆఖరి బుక్క తిననిస్తారు.

స్విచ్ వేస్తే వాల్వులు ఎర్రబడినాయి. కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకునే తొందరలో తీగ మీటే పిక్ జారి ఎటో పడింది, వెతికే ఓపిక లేదు, ఉత్త బొటనవేలితో మీటినా. గట్టిగా మీటాలంటే భయం, అందుకని గిటారు మీది నాబ్‌ను సగానికి సగం దించి, ఆంప్‌ది మాత్రం కొంచెం పెంచినా. ఎందుకు అట్ల చేసినానో నాకే తెలియదు, చేతికి తోచింది చేసినా. అప్పుడు వచ్చింది. వేలి మెత్తదనం తీగకు తగిలి, తీగ నుంచి పెట్టెకు పోయి, ఎదురు నుంచి తిరిగొచ్చి రొమ్ము మధ్యలో తగిలింది, ఆ జీర, అదే, తిరునాళ్ళ స్టేజీ మీద వంద వాట్లలో కూడా దొరకనిది, చెవి కాడ ఒక మనిషి ఊపిరి పీల్చి మాట మొదలుపెట్టినంత చప్పుడుతో. మెల్లగా మీటితే శుభ్రంగా, కొంచెం ఒత్తితే అంచు మీద పగులుతా. ఇన్నాళ్ళూ నాబులు తిప్పినా గాని చెయ్యి తిప్పలేదు నేను. గట్టితనం ఆంప్‌లో ఉందనుకున్నా, వేలిలో ఉంది. మా ఆర్కెస్ట్రాలో ఎవరికీ వినిపించకుండా నేను కట్టుకున్న పాట ఒకటి ఉంది, రెండు చరణాలు, నెమ్మదిది, మూడేండ్లుగా దాన్నే దిద్దుకుంటా ఉన్నా, దాన్ని ఎత్తుకున్నా. నాగరత్నమ్మక్క మనసులోనుంచి పోయింది, అంకయ్య పోయినాడు, నాలుగింటి భయం పోయింది. బయట ఆటోలు పోతా ఉన్నా నాకు ఈ గది ఒక్కటే ఉండింది.

తలుపు దబదబ మోగింది. మూడూ నలభై కూడా కాలేదు.

తీస్తే ముందర అంకయ్య, అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో కర్ర. కర్ర ఊతానికి పట్టుకున్నట్టు లేదు, నడిమికి పట్టుకున్నాడు. వెనకాల రెండు మెట్లు కింద నాగరత్నమ్మక్క, కొంగు బిగించి, కుడి చెయ్యి కొంగు కింద దాచి. "జరుగు" అని నన్ను పక్కకు నెట్టి అంకయ్య లోపలికి వచ్చినాడు. వంటిల్లు చూసినాడు, బీరువా తలుపు తెరిచినాడు, మంచం కింద కర్రతో పొడిచినాడు. "ఎవరున్నారయ్యా ఇంట్లో నువ్వు గాకుండా?"

"ఎవరున్నారన్నా, నేనొక్కణ్ణే."

"ఇంకో మనిషి ఏడి?"

"ఏ మనిషి?"

నాగరత్నమ్మక్క గడప దాటలేదు. కిటికీలకు కట్టిన బొంతలు చూసింది, మేకులు చూసింది, మొహం తెల్లబోయింది. "చూడన్నా, నేను చెప్పలేదా. పగలు కూడా కిటికీలు మూసే పెడతారు అన్నానా, లేదా."  అప్పుడు చూసినా, కొంగు కింద చేతిలో ఉన్నది గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర. కోపంతో వచ్చిన మనిషి కాదు. భయపడి వచ్చింది. నన్ను చూసి భయపడింది, పది రోజులుగా నేను ఆమెను చూసి భయపడినట్టు.

"అక్కా, గిటారు" అన్నా.  ఒళ్ళో నుంచి దించి మంచం మీద పెట్టిన దాన్ని చూపించినా. "దీని చప్పుడు మీకు వినపడకూడదని కట్టినా బొంతలు."

"గిటారు ఏంది?" అనింది. "నువ్వు పగలు నిద్రపోతావు గదా. మల్లి చెప్పింది. ఇల్లు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడే చెప్పింది, మా ఆయన రాత్రి డ్యూటీ అక్కా, పగలంతా నిద్రే, ఇంట్లో మనిషి ఉన్నట్టే తెలియదు అని. నిద్రపోయే మనిషి ఇంట్లో రోజూ మూడింటికి ఆ గుద్దుళ్ళేంది? నేలను గుద్దుతారు. ఒకటి, ఒకటి, ఒకటి, ఆగుతుంది, మళ్ళీ ఒకటి. మొదట ఏదో దంచుతా ఉన్నారనుకున్నా. మల్లిని అడిగితే మా ఇంట్లో ఏం లేదక్కా, ఆయన పండుకునే ఉంటాడు అంటుంది, ఎర్రబడుతుంది మొహం. ఎవరినన్నా తెచ్చి పెట్టినారేమో, కట్టేసినారేమో, నోరు కట్టేస్తే కాలితో కొడతారంట గదా. ఒక్కదాన్నే కింద. మిషను ఆపి వింటా కూర్చుంటా. పది రోజులైంది నేను సరిగ్గా నిద్రపోయి."

గుద్దుళ్ళా. నేను గుద్దిందేముంది. ఆంప్ కుర్చీ మీద ఉంది, కుర్చీ కింద చెప్పుల ముక్కలు. అంకయ్య నా కాళ్ళ వైపు చూస్తా ఉన్నాడు. నేనూ చూసుకున్నా. నేను కూర్చునే చెక్కపీట, దాని ముందర నేల మీద ఒక చోట గచ్చు నునుపు తేలింది, రూపాయి బిళ్ళంత, కుడిమడమ ఆనే చోట. తాళం. పాట ఎత్తుకుంటే నా మడమ తాళం వేస్తుంది, నాకు తెలియకుండానే వేస్తుంది, ఆర్కెస్ట్రాలో అందరికీ ఆ మడమే లెక్క. నాలుగు పక్కలా పోయి విన్నా, మెట్లు, మిద్దె, వీధి, కింద ఆమె ఇంట్లోకి మాత్రం పోలేదు, పోయినా ఏం వినేవాణ్ణి, రికార్డులో నా మడమ లేదు గదా.

"నా కాలు అక్కా" అన్నా. "తాళం వేస్తా."

"కాలితో అంత చప్పుడా" అని అంకయ్య నమ్మలేదు. నాగరత్నమ్మక్క అసలు నమ్మలేదు. "అది మనిషి గుద్దినట్టే ఉంటుంది. కాలు కాదు." అయితే వినిపిస్తా అన్నా. నేను ఇక్కడ కొడితే మీరు కింద విని అవునంటారు, కాదంటారు, కాని ఆ చప్పుడు ఎట్లుంటుందో నాకూ వినాలని ఉంది, నేను కిందికి వస్తా, అన్న ఇక్కడ కొడతాడు. ఆమె నన్ను ముందు నడవమనింది. కత్తెర వదలలేదు.

ఆమె ముందుగదిలోకి నేను అడుగు పెట్టడం అదే మొదటిసారి. మిషను, దాని పక్కన సగం కుట్టిన రవికలు, గోడ వార మంచం, మంచం దిండు కింద నుంచి ఒక టార్చిలైటు. తలుపుకు కొత్త గడియ, దాని చుట్టూ చెక్కపొట్టు ఇంకా ఊడ్వలేదు. నా కోసం బిగించుకున్న గడియ. పైన అంకయ్య మొదలుపెట్టినాడు, ధన్, ధన్, ధన్, ధన్, కందికట్టె కొట్టినట్టు. నాగరత్నమ్మక్క తల అడ్డంగా ఊపింది. "ఇది కాదు." ఇంకొంచెం మెల్లగా అన్నా అని నేను మెట్ల కాడికి పోయి అరిస్తే మెల్లగా కొట్టినాడు. "కాదు. నాకు తెలియదా. నా చెవుల్లో తిరుగుతా ఉంది పది రోజులుగా. ఇది కాదు" అని ఒక అడుగు వెనక్కి వేసింది నా నుంచి. నేను పైకి పోయి కొడితే అవునంటుంది. కాని నన్ను చూస్తా ఉన్న ఆ చూపుకు నేను మెట్లెక్కితే పారిపోతా ఉన్నట్టు ఉంటుంది.

గేటు చప్పుడైంది. మల్లి. నాలుగున్నర కాలేదు, దుకాణం నుంచి ముందే వచ్చినట్టుంది, మొహం చూస్తే తెలిసింది, తనకు కూడా ఎవరో చెప్పినారు నాలుగింటికి రమ్మని. నన్ను ఆ గదిలో చూసింది, కత్తెర చూసింది, పైన అంకయ్య కొట్టేది విని మెట్ల వైపు చూసింది.

"ఎందుకు అబద్ధం చెప్పినావు మల్లీ నాకు?" అని నాగరత్నమ్మక్క అడిగింది, అరవలేదు, అంతకంటే కష్టంగా అడిగింది. "నా ముందర కూర్చుని, నా చేతి టీ తాగి."

మల్లి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. "గిటారు అని చెప్తే ఇల్లు ఇయ్యరక్కా. రెండు ఇళ్ళలో పొమ్మన్నారు. చప్పుడు బయటికి రాకుండా చూసుకుంటా అన్నాడు, అట్లే చూసుకున్నాడు, మూడు నెలలు ఒక్కొక్క నాబ్ తిప్పుకుంటా. ఏదో గుద్దుతా ఉన్నారని నువ్వు అన్నప్పుడు నాకు తెలుసు అది ఈయన కాలి చప్పుడని. చెప్పితే ఆపేస్తాడు. ఈ పొద్దు చెప్తా, రేపు చెప్తా అనుకుంటానే ఉన్నా. తప్పు నాది." చెప్పితే ఆపేస్తాడు అనింది. నేను ఆపితే తనకేం పోతుందని.

"కాలు కాదంట మల్లీ" అన్నా. "అన్న కొడితే కాదంటా ఉంది."

మల్లి నా వైపు చూసింది, కొంగుతో మొహం తుడుచుకుంది, చెప్పులు అక్కడే విడిచి మెట్లెక్కింది. పైన అంకయ్య గొంతు ఏదో అడిగింది. పీట జరిగిన చప్పుడు. 

ధుమ్. ధుమ్. ధుమ్. ఆగింది. ధుమ్.

 నిజంగానే గోడ అవతల నోరు కట్టేసిన మనిషి ఎవరో సాయం అడుగుతా ఉన్నట్టే ఉంది, మూడు నెలలు నేను ఎంత ముద్దుగా దిద్దుకున్నానో అదంతా పైనే ఉండిపోయి, కిందికి ఇది దిగింది. నాగరత్నమ్మక్క నా చెయ్యి పట్టుకుంది, తనకు తెలియకుండానే. "ఇదే" అనింది. "ఇదే బ్రహ్మం, ఇదే." ధుమ్, ధుమ్, ధుమ్, ఆగింది. ఆ ఆగిన చోట ఏముందో నాకు తెలుసు. నాలుగో దెబ్బ కాడ నేను తీగను పక్కకు లాగి పైకి ఎత్తుతా, మడమ అప్పుడు గాలిలో ఉండిపోతుంది, అది నా పాటలోనే ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. మల్లి అక్కడ ఆపుతా ఉంది. పల్లవి తిరిగి వచ్చే కాడ నాకు కొంచెం తాళం ఈడుస్తుంది, ఎంత దిద్దుకున్నా పోలేదు, మల్లి మడమ కూడా అక్కడ ఈడ్చింది, సరిగ్గా అంతే. వంటింట్లో పప్పు కడుగుతా, "ఊఁ" అంటా, మూడేండ్లు.

"ఇది పాటా?" నాగరత్నమ్మక్క స్లాబ్ వైపు చూస్తా అడిగింది.

"పాటే అక్కా."

"మరి పాట యాడుంది?"

 ఆమె కత్తెరను మిషను మీద పెట్టింది, మంచం మీద కూర్చుంది. "రేపు ఆ బొంతలు తీసెయ్యి. ఏం వాయిస్తావో నాకు వినపడాల. వినపడకుండా మాత్రం వాయించగాకు నా నెత్తి మీద" అనింది. కళ్ళు తుడుచుకుంది, కోపం ఇంకా పోలేదు, మల్లి మీద అది చాలా రోజులు ఉంటుంది, ఉండాల కూడా. తర్వాత నన్ను చూసి, "ఆపమను ఇంక, పాపం, కాలు నొస్తుంది ఆ పిల్లకు" అనింది.

చెప్తా అని మెట్ల కాడి దాకా పోయినా. పోయి, అక్కడే నిలబడినా. పైన పల్లవి అయిపోయింది, ఇంకా రెండో చరణం ఉంది, అది మల్లికి తెలుసు.